ఇచ్చిన జీవం ఎవరి భారం?

కరువు పీడిత గ్రామానికి రాజ్యం ఏమి ఇవ్వాలి అన్న ప్రశ్నకు మన పాలనా చరిత్ర మూడు సమాధానాలు చెప్పింది. మొదటిది తిండి, రెండవది పని, మూడవది ఆస్తి. 1952లో రాయలసీమలో సైన్యం తోడ్పాటుతో నడిచిన గంజి కేంద్రాలు మొదటి సమాధానానికి ఉదాహరణ. చెరువుల పూడికతీత, రోడ్డు పనులు రెండవదానికి చెందుతాయి. పాడిగేదె, మేకల మంద, కోళ్ల గంప మూడవదాని కిందికి వస్తాయి. తిండి ఇవ్వడంలోని ధర్మాధర్మాలను గురించి, పనికి కూలి ఎంత ఉండాలన్న విషయాన్ని గురించి నూరేళ్లకు పైగా చర్చ సాగింది. పశువును ఇవ్వడంలో ధర్మసందేహం ఏముంటుందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. కరువుకు తన పశువును అమ్ముకున్న స్త్రీకి మరొక పశువును ఇవ్వడం కంటె మంచి పని ఏముంటుంది? ఆ మంచితనం ఇంత స్పష్టంగా కనిపించడం వల్లనే దానిని పరీక్షించవలసిన అవసరం ఉన్నది.

తక్కిన దానాలకూ దీనికీ ఒక మౌలికమైన భేదం ఉన్నది. బియ్యం బస్తా ఇంటికి చేరిన తరువాత ఇంటిని ఏమీ అడగదు. కుట్టుమిషను మూలన ఉన్నన్నాళ్లూ ఖర్చు పెట్టించదు. పశువు వచ్చిన సాయంత్రమే మేత అడుగుతుంది. పాడిగేదెకు రోజుకు ఇరవై కిలోలకు పైగా పచ్చిమేత, దానికి తోడు ఎండుగడ్డి, దాణా, సుమారు 50 లీటర్లకు తక్కువ కాకుండా నీరు కావాలి. పదిహేను లీటర్ల బిందెతో లెక్కవేస్తే అవి నాలుగు బిందెల నీళ్లు. కరువు ఊరిలో ఆ నాలుగు బిందెలు ఎంత దూరం నుంచి రావాలి, ఎవరి నెత్తిమీద రావాలి అన్నవి పథకం కాగితాలలో ఉండవు. లబ్ధిదారు పేరు స్త్రీదే. నీళ్లు మోసే నెత్తి కూడా ఆమెదే. ఈ రెండవ సంగతిని లెక్కలోకి తీసుకోకుండా మొదటిదానిని మాత్రమే ఘనంగా చెప్పుకోవడం న్యాయమా అన్నది మన ముందున్న ప్రశ్న.

చరిత్రలో పశువు

తెలుగునాట కరువు జ్ఞాపకాలలో మనుషుల చావు, పశువుల చావు కలిసే ఉంటాయి. 1832-33లో గుంటూరు మండలాన్ని పాడుచేసిన నందన కరువును జనం డొక్కల కరువు అన్నారు. 1876-78 నాటి మహాక్షామాన్ని ధాత కరువు అని చెప్పుకున్నారు. దత్తమండలాలలో ఆనాడు మేతలేక పశువులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. దాని ఫలితం వానలు లేని కాలంలో కంటె వానలు కురిసిన తరువాత మరింతగా తెలిసివచ్చింది. నేల తడిసినా దున్నడానికి ఎడ్లు లేవు. అప్పటికి కరువు ముగిసినట్లే ప్రభుత్వ లెక్క. రైతు ఇంటిలో మాత్రం ముగియలేదు.

ఆ అనుభవం తరువాత వచ్చిన 1880 క్షామ కమిషన్ సిఫార్సుల నేపథ్యంలో 1884లో వ్యవసాయదారుల రుణాల చట్టం వచ్చింది. విత్తనాలు, పశువులు కొనుక్కోవడానికి సర్కారు అప్పు ఇవ్వవచ్చునని ఆ చట్టం అన్నది. తక్కావీ అప్పు అని పల్లెలలో చెప్పుకున్నది దీనినే. పోయిన పశువు స్థానంలో పశువును నిలబెట్టడం క్షామ నివారణలో భాగమని రాజ్యం చట్టరూపంలో అంగీకరించడం గొప్ప విషయమే. కాని అప్పు అన్న తరువాత హామీ కావాలి. హామీ అంటే భూమి. పట్టా పేరున లేని స్త్రీకి, కూలి కుటుంబానికి ఆ అప్పు అందడం దుర్లభం.

ఆ లోపాన్ని స్వాతంత్ర్యానంతర పథకాలు సవరించబూనాయి. 1978లో మొదలై 1980 అక్టోబర్ 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకులకూ విస్తరించిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం భూమి లేని పేదకు కూడా సబ్సిడీ, బ్యాంకు రుణం కలిపి ఆస్తిని ఇవ్వజూపింది. ఆ ఆస్తులలో పాడిపశువుది పెద్ద వాటా. 1982లో మొదలైన డ్వాక్రా ఆ ప్రయత్నాన్ని మహిళల వైపు మళ్లించింది. అదే దశాబ్దంలో, 1985లో, ఆర్థికవేత్త నీలకంఠ రథ్ ఒక చేదు ప్రశ్న వేశారు. మేత లేని, నీరు లేని, పాలు కొనేవాడు లేని చోట నిరుపేద చేతికి పశువును ఇస్తే పేదరికం తొలగుతుందా? అందరికంటె పేదవారికి ముందుగా కావలసింది ఆస్తి కంటె నికరమైన కూలిపని అని ఆయన వాదించారు. ఆ వాదం నాటి అధికార వర్గాలకు రుచించలేదు, కాని దానికి పూర్తి సమాధానం ఇప్పటికీ దొరకలేదు.

సరిహద్దు ఊరి దృష్టితో

ఈ ప్రశ్నను ఒక నిర్దిష్టమైన చోట నిలబెట్టి చూడడం మంచిది. హైదరాబాద్ నుంచి ములుగు, ఏటూరునాగారం మీదుగా పోయే 163వ జాతీయ రహదారి గోదావరిని దాటి, వాజేడు మండలం గడిచిన తరువాత, ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెట్టే చోట తర్లగూడ ఉన్నది. పాత బస్తర్ రాజ్యంలో భాగం. 1998 వరకు బస్తర్ జిల్లా, ఆ తరువాత దంతెవాడ, 2007 నుంచి బీజాపూర్ జిల్లా. ఓరుగల్లు పతనం తరువాత అన్నమదేవుడు ఇటుగానే వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ సంప్రదాయం. గోదావరి తీరాన తెలుగు, దొర్ల, గోండి పలుకులు కలిసిమెలిసి వినిపించే నేల ఇది. ఎగువన భద్రకాళి వద్ద ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది.

ఇంత నీటి పక్కన కరువేమిటని అనిపించవచ్చు. నది పల్లాన పారుతుంది, పొలం మెరక మీద ఉంటుంది. వానమీద ఆధారపడిన ఒక్క పంట పోతే మిగిలేవి అడవి, కూలి. 2017లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 21 జిల్లాలలోని 96 తహసీళ్లను కరువు ప్రాంతాలుగా ప్రకటించింది. అడవులూ నదులూ ఉన్న రాష్ట్రానికి కరువు రాదన్న భ్రమ అక్కడితో తొలగాలి. బస్తర్ ప్రాంతపు స్త్రీలు మిరపకాయల కోత కాలంలో గోదావరి దాటి తెలంగాణ తోటలకు కూలికి పోవడం ఏటేటా జరిగేదే.

ఇటువంటి చోట ఒక స్త్రీకి సంకరజాతి పాడిఆవును ఇస్తామని పథకం ముందుకు వచ్చిందనుకుందాం. మొదటి చిక్కు ఆచారానికి సంబంధించినది. ఈ ప్రాంతపు ఆదివాసీ సమాజాలలో ఆవును పాలకోసం పెంచే అలవాటు సాధారణంగా లేదు. పాలు దూడవి. ఆవు ఎద్దును కంటుంది, ఎద్దు దున్నుతుంది, పేడ పొలానికి బలం. దీనిని వెనుకబాటుతనమని కొట్టివేయడం తేలిక. మేత పలుచని నేలలో దూడ బతకాలంటే తల్లిపాలు దానికే వదలాలన్నది తరాల అనుభవం చెప్పిన లెక్క కావచ్చు కదా! రెండవ చిక్కు కాలానికి సంబంధించినది. ఆవును కట్టుకున్న స్త్రీ మిరపకోతకు పోలేదు. ఆమె చేతికి వచ్చిన ఆస్తి ఆమె కాళ్లకు కట్టు వేస్తుంది. మూడవది మార్కెట్. పాలకేంద్రం లేని చోట పది లీటర్ల పాలు సంపద కాదు, సాయంత్రానికి విరిగిపోయే పదార్థం.

అదే స్త్రీకి కోళ్లు, మేకలు, పందులు పరాయివి కావు. బస్తర్ సంతలలో కోడికి ఉన్న గిరాకీ అందరికీ తెలిసినదే. పెరటికోడి ఆడదాని కొంగుముడి వంటిది. ఉప్పుకో, మందుకో, పిల్లవాడి పలకకో అవసరం వచ్చిననాడు ఎవరి అనుమతీ లేకుండా ముడి విప్పవచ్చు. ఎద్దును అమ్మాలంటే ఇంటి మగవాడి మాట కావాలి, కోడిని అమ్మడానికి అక్కరలేదు. జీవం ఎంత చిన్నదైతే స్త్రీ అధికారం దానిమీద అంత పెద్దదని స్థూలంగా చెప్పవచ్చు. కాని పథకాలు పెద్ద జీవం వైపే మొగ్గుతాయి. ఒక్క గేదెను ఇస్తే యూనిట్ విలువ కనబడుతుంది, ఫొటోకు నిలబడుతుంది. కోళ్ల గంపకు కావలసింది కొక్కెర తెగులు రాకుండా వేళకు టీకా. ఆ టీకా ఎవరి కంటికీ ఆనదు.

నచికేతుని చూపు

మన వాఙ్మయంలో దానాన్ని గూర్చి అత్యంత కఠినమైన ప్రశ్న ఒక బాలుని చేత అడిగించారు. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యాగం చేసి గోదానాలు ఇస్తాడు. ఆ ఆవులు ఇక నీరు తాగలేనివి, గడ్డి మేయలేనివి, పాలు ఉడిగినవి, ఈనలేనివి అని కుమారుడు నచికేతుడు గమనిస్తాడు. ఇటువంటి దానం చేసినవాడు ఏ లోకాలకు పోతాడన్న చింత అతనిని పీడిస్తుంది. తండ్రి లెక్కలో ఆవుల సంఖ్య సరిపోయింది. కొడుకు చూసింది సంఖ్యను కాదు, పుచ్చుకున్నవాని గతిని.

ప్రభుత్వ దానానికి ఈ దృష్టి మరింత అవసరం. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, నిధులు అంతలోగా ఖర్చు కావాలి. ఒకే కాలంలో వందల గ్రామాలకు పశువులు కొనవలసి వచ్చినప్పుడు సంతలో ధర పెరుగుతుంది, దళారికి పండుగ అవుతుంది, ఒట్టిపోయిన గేదె కూడా రెండవ ఈత గేదెగా చలామణి అవుతుంది. లబ్ధిదారుకు అందేసరికి లెక్క సరిపోతుంది, పాలు ఉండవు. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం గొల్ల కురుమల సంఘ సభ్యులకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున, 75 శాతం సబ్సిడీతో ఇచ్చింది. 2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్రెలతో రాష్ట్రం దేశంలో ప్రథమస్థానంలో నిలిచింది. ఆ పథకంపైనే 2024లో శాసనసభ ముందుకు వచ్చిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక, గొర్రెలను తరలించినట్లు చూపిన కొన్ని వాహనాల నంబర్లు ద్విచక్ర వాహనాలవని తేల్చింది. సంఖ్య పెరగడం నిజమే కావచ్చు, కాగితం మీది గొర్రె కూడా నిజమే. నచికేతుని పని రెండింటినీ విడదీసి చూడడం.

దుర్దానానికి ఇంకా లోతైన రూపం ఒకటి ఉన్నది. ఒడిశాలో నాటి కలహండి జిల్లాలో, నేటి నువాపడాలో, కోమ్నా ప్రాంతపు పేదలకు ఆవులు ఇచ్చి జెర్సీ సంకర సంతతిని పుట్టించాలని ఒక పథకం నడిచింది. సంకరం చెడకూడదని స్థానికపు ఆబోతులకు విత్తులు కొట్టించారు. ఆశించిన దూడలు పుట్టింది అతి స్వల్పం. ఆ నేలకు అలవాటుపడిన ఖరియార్ జాతి పశువు మాత్రం ఆ ప్రాంతంలో లేకుండా పోయింది. పాత్రికేయుడు పి. సాయినాథ్ 1996లో వెలువడిన తన పుస్తకంలో దీనిని నమోదు చేశారు. అక్కడ ఎవరి దుర్బుద్ధీ లేదు. కరువును తట్టుకోగల జీవం పోయి, కరువును తట్టుకోలేని జీవం మీద ఆశ మాత్రం మిగిలింది. దాత తన జ్ఞానమే జ్ఞానమనుకున్నప్పుడు పుచ్చుకున్నవాడు ఇవ్వజూపినదానితో పాటు ఉన్నదానిని కూడా కోల్పోతాడు.

అమ్ముకునే హక్కు

పశువులను పంచిన ప్రతి కార్యాలయంలోనూ వినిపించే ఫిర్యాదు ఒకటి ఉన్నది: ఇచ్చిన పశువును అమ్ముకున్నారు. తనిఖీకి వెళ్లినవారు చెవిపోగు నంబరు సరిచూస్తారు, పశువు లేకపోతే దుర్వినియోగం అని రాస్తారు. ఈ మాటలోని న్యాయాన్ని పరిశీలించాలి.

పల్లెలో పశువు పాలిచ్చే యంత్రం మాత్రమే కాదు, ఆపదకు దాచుకున్న పొదుపు కూడా. కూతురి పురుడుకు, భర్త వైద్యానికి, వడ్డీవ్యాపారి ఒత్తిడికి విప్పే ముడి అది. ఆపదలో దానిని అమ్మడం దాని ప్రయోజనాన్ని నెరవేర్చడమే. మనం బ్యాంకులో దాచుకున్న డబ్బును కష్టకాలంలో తీసుకుంటే ఎవరూ దుర్వినియోగం అనరు. దాత ఇచ్చిన తరువాత కూడా ఆ వస్తువు మీద తన అధికారం నిలుపుకుంటే అది దానం కాదు, పాలుకు ఇవ్వడం. ఇంకా చెప్పాలంటే జీతం లేని కాపలా.

ఇక్కడ ఎదురువాదం ఒకటి బలంగానే ఉన్నది. ప్రజాధనంతో కొన్న పశువు మరునాడే పాత యజమాని కొట్టానికి తిరిగిపోతే అది ప్రజలకు జరిగిన మోసం. నిజమే. అయితే ఆపదకు అమ్మడం వేరు, బేరం కుదుర్చుకుని రసీదు కోసం పశువును ఊరు తిప్పడం వేరు. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలిచే తనిఖీ నివేదిక దళారిని వదిలి పేదరాలిని పట్టుకుంటుంది.

అమ్మకాన్ని గురించి అమర్త్య సేన్ 1981 నాటి తన గ్రంథంలో చెప్పిన విషయం మరొక కోణం చూపుతుంది. 1973లో ఇథియోపియాలోని వొల్లో ప్రాంతంలో పశుపోషకులు నశించడానికి పశువులు చావడం ఒక్కటే కారణం కాదు, మిగిలిన పశువుకు వచ్చే ధాన్యం తగ్గిపోవడం కూడా కారణం. కరువులో అందరూ అమ్మేవారే, కొనేవారుండరు. ఆస్తి అత్యవసరమైన రోజునే దాని విలువ పడిపోతుంది. మన సంతలలోనూ ఇదే జరుగుతుంది. కనుక కరువు ప్రాంతంలో పశువును ఇచ్చే ప్రభుత్వం తరువాతి కరువులో మేతను కూడా ఇస్తానని మాట ఇచ్చినట్లే లెక్క. పశుగ్రాస శిబిరం లేని పశు పంపిణీ సగం మాత్రమే నెరవేర్చిన వాగ్దానం.

మెదక్ చెప్పిన పాఠం

ఈ విషయంలో తెలుగునేల మీదనే జరిగిన ఒక పరిశీలన ఉన్నది. మెదక్ జిల్లాలో 2007 తరువాతి సంవత్సరాలలో అతి పేద స్త్రీలకు గేదెలు, మేకలు వంటివి ఇచ్చి, శిక్షణ, పొదుపు, ఆరోగ్య సహాయం జోడించిన ఒక కార్యక్రమాన్ని బొషే, మోర్డక్, శమికా రవి అనే పరిశోధకులు అధ్యయనం చేశారు. జీవాలు పొందినవారికీ పొందనివారికీ కొంతకాలం తరువాత సగటు ఆదాయంలో, ఖర్చులో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పశువు అందుకున్న స్త్రీ కూలిపని తగ్గించుకున్నది. ఆ రోజులలో కూలిరేట్లు పెరుగుతున్నాయి. పశువు లేని స్త్రీ కూలితోనే అంత సంపాదించుకున్నది. కొందరు జీవాలను అమ్మి అప్పులు తీర్చుకున్నారు.

పశువులను ఇవ్వడం వ్యర్థమని దీనివల్ల తేలిందా? లేదు. పశ్చిమ బెంగాల్‌లో ఇటువంటి కార్యక్రమం వల్ల పేద స్త్రీల కుటుంబాలు పదేళ్ల తరువాత కూడా మెరుగైన స్థితిలోనే ఉన్నాయని మరొక బృందం చూపింది. పథకం స్వరూపం దాదాపు ఒకటే, ఫలితాలు వేరు. ఆమె ముందు అప్పటికే ఉన్న దారి ఏమిటన్నదే కీలకం. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనప్పుడు రాజ్యం ఇచ్చిన మాట పని గురించి. పని దొరికే చోట పశువు ఒక అదనపు ఎంపిక, పని దొరకని చోట అది ఏకైక ఆధారం. ఈ తేడా తెలియాలంటే స్త్రీని అడగాలి. ఆమె రోజు ఎలా గడుస్తున్నదో ఆమెకంటె తెలిసినవారు లేరు.

దాతగా నిలిచే గౌరవం

పుచ్చుకున్నవారి గౌరవం మాట కూడా చెప్పుకోవాలి. 1944లో అమెరికాలో డాన్ వెస్ట్ అనే రైతు ప్రారంభించిన హైఫర్ సంస్థ పెయ్యదూడలను పంచుతూ ఒక నియమం పెట్టింది: పుట్టిన మొదటి పెయ్యను మరొక పేద కుటుంబానికి ఇవ్వాలి. పుచ్చుకున్నవారు కూడా దాతలవుతారన్నది అందులోని భావం. మన పల్లెలకు ఇది కొత్త కాదు. జీవాలున్న ఇల్లు లేని ఇంటికి మేకనో కోడినో వాటాకు ఇవ్వడం, పుట్టిన పిల్లలను పంచుకోవడం తెలుగు పల్లెలలోనూ, మన్యంలోనూ ఉన్న పద్ధతే. ఆ పద్ధతిలో ఎవరి చేయీ పూర్తిగా కింద ఉండదు. ఈ ఏడు ఇచ్చినామె వచ్చే ఏడు పుచ్చుకోవచ్చు.

అయితే విధించిన దానం దానమవుతుందా? మొదటి పిల్లను తప్పక ఇవ్వాలని కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అది మరొక పేరుతో అప్పు వసూలు కాదా? మన పాత వాటా పద్ధతిలో కూడా బలవంతునికి అనువైన వాటాలు లేకపోలేదు. నియమం కుటుంబాల మధ్య పుట్టినప్పుడు అది మర్యాద, కార్యాలయం నుంచి దిగినప్పుడు అది షరతు. మహిళా సంఘం తన నియమాన్ని తానే రాసుకునే వీలు కల్పించడం, అది మనకు నచ్చకపోయినా సహించడం, ఈ రెండు అంచుల మధ్య మిగిలిన దారి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన చేయూత పథకం 45 నుంచి 60 ఏళ్ల మధ్య వయసు గల బడుగు వర్గాల స్త్రీలకు ఏడాదికి 18,750 రూపాయల చొప్పున నాలుగేళ్లు డబ్బు ఇస్తామన్నది. ఆ డబ్బుతో పాడిపశువులు, మేకలు, గొర్రెలు కొనుక్కునే మార్గం ఆసక్తి ఉన్నవారికి చూపింది. ఆచరణలో అది ఎంత నెరవేరిందన్నది వేరే చర్చ. డబ్బు ముందు, పశువు తరువాత అన్న వరుసలో మాత్రం ఒక నైతిక సూత్రం ఉన్నది. ఎంచుకునే అధికారం ముందుగా చేతికి వచ్చి, జీవం తరువాత కొట్టంలోకి వస్తుంది.

పశువును ఇచ్చే పథకాల దరఖాస్తులలో ఏ జీవం కావాలో రాసే గడి ఉంటుంది. గేదె, ఆవు, మేక, గొర్రె, కోళ్లు. ఆ వరుసలో మరొక గడి ఉండాలి: ఇప్పుడు వద్దు. ఈ ఏడు మేత లేదు, కూలికి పోవాలి, వచ్చే ఏడు వాన చూసి అడుగుతాను అని చెప్పగలిగే చోటు అది. ఆ గడి నింపినామె పేరు జాబితా నుంచి పోకూడదు, మరుసటి సంవత్సరం మొదట పిలవవలసిన పేరు అదే కావాలి. నిధులు మిగిలిపోయాయని అడిగే పై అధికారికి జవాబు చెప్పుకోవడం మనకు కొంత కష్టమే. కాని ఆ కష్టం మనది కావడమే న్యాయం. ఎండిన బావి నుంచి నాలుగు బిందెలు తేవలసిన కష్టాన్ని ఆమె నెత్తిన పెట్టి, మన లెక్క సరిచేసుకోవడం దానం అనిపించుకోదు.